పోటీ పరీక్షల ప్రత్యేకం: అందరికీ అందే పరిశోధన

కొల్లేరు సరస్సుకు అంతర్జాతీయ చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు దక్కిన 2002లోనే, పరిశోధనను అందరికీ ఉచితంగా అందించే ఓపెన్ యాక్సెస్‌కు పునాది వేసిన బుడాపెస్ట్ ప్రకటన వెలువడింది. రెండూ కలిపి గుర్తుంచుకోండి.

ఏలూరు దగ్గర పెదవేగిలోని ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ, తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం ప్రజల సొమ్ముతో నడుస్తున్నాయి. వాటి ఫలితాలు రైతుకు ఉచితంగా అందడం న్యాయం. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2013లో ఓపెన్ యాక్సెస్ విధానం తెచ్చింది. వ్యవసాయ వర్సిటీల సిద్ధాంత గ్రంథాలకు వేదిక ‘కృషికోశ్’. దేశంలోని వర్సిటీల పీహెచ్‌డీ గ్రంథాలకు ‘శోధ్‌గంగ’. శోధ్‌గంగ నిర్వహణ గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ది.

రచయితే తన వ్యాసం ప్రతిని ఇలాంటి భాండాగారంలో ఉంచితే ‘గ్రీన్’ మార్గం. జర్నలే ఉచితంగా ఇస్తే ‘గోల్డ్’. ఇందులో చాలాచోట్ల రచయిత రుసుము కట్టాలి.

అభ్యర్థులు పొరబడేది ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ దగ్గర. 2024 నవంబరులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన ఈ పథకం ఓపెన్ యాక్సెస్ కాదు. జర్నళ్ల చందా కేంద్రం కడుతుంది, చదివే వీలు ప్రభుత్వ సంస్థలవారికే. తాడేపల్లిగూడెం నిట్ విద్యార్థికి తెరుచుకునే వ్యాసం చింతలపూడి ఆయిల్ పామ్ రైతుకు తెరుచుకోదు.

పరిశోధనలాగే పాఠాలనూ అందరికీ అందించే ఓపెన్ విద్యలో ఎన్‌పీటెల్ (2003), స్వయం (2017) ఆన్‌లైన్ వేదికలు ముఖ్యం. పాఠాలు ఉచితం, ధ్రువపత్రం పరీక్షకు మాత్రం రుసుము ఉంటుంది.