డెల్టా పిల్లకు కొండ దారి

తెనాలి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. నువ్వు హాస్టల్లో వేళకు తింటున్నావని మీ అమ్మ రేపల్లె నుంచి ఫోన్లో చెప్పింది, సంతోషం.

నీ మెసేజి చదివాను. జవాబు పొడుగయ్యేలా ఉంది కనుక కాగితం మీదే రాస్తున్నాను. ఇంగ్లండు వెళ్లిన నీ స్నేహితురాలు సెలవు దొరికితే చాలు ఏదో ఒక గుట్ట ఎక్కి ఫొటోలు పంపుతోందనీ, నీకూ అలా నడవాలనుందనీ, అయితే మన వైపు కొండలెక్కడివనీ అడిగావు. రేపల్లెలో పుట్టి బాపట్లలో చదువుతున్న పిల్లకు ఆ అనుమానం రావడం సహజమే. మన ఊళ్లలో ఎత్తంటే కాలవ గట్టు, కరకట్ట, రైలు వంతెన. నా మట్టుకు నేను నమ్మేదేమంటే, కొండ ఎక్కాల్సిన అవసరం మిగతా అందరికంటే మనకే ఎక్కువ. చేలో నిలబడి చూస్తే ఎదురుగా వరి, దాని వెనక తాడిచెట్ల వరస, అక్కడితో చూపు ఆగిపోతుంది. పుట్టి పెరిగిన నేల ఎలా ఉందో చూడకుండానే జీవితం గడిచిపోతుంది.

మంగళగిరితో మొదలుపెట్టు. బాపట్ల నుంచి రైల్లో తెనాలి వచ్చేయ్, రాత్రికి మా ఇంట్లో పడుకో. తెల్లవారుజామున దుగ్గిరాల మీదుగా వెళదాం. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. వేసవిలో మాత్రం వద్దు, ఎండ ఎక్కాక ఆ రాయి అరికాళ్లను నిలవనివ్వదు. పైగా పానకాల స్వామి గుడి మధ్యాహ్నం దాటాక మూసేస్తారు. సాయంత్రం నుంచి దేవతలు పూజ చేసుకునే వేళ అని అక్కడి నమ్మకం. కాబట్టి ఎలా చూసినా పొద్దున్నే ఎక్కాలి. ఘాట్ రోడ్డు ఉంది, ఆటోలు పిలుస్తాయి. మనం మెట్ల దారినే వెళదాం.

ఇక ఎక్కే పద్ధతి. మొదటి వంద మెట్లూ నీకు చాలా సులువనిపిస్తాయి, వయసు అటువంటిది. అక్కడే నిన్ను నువ్వు పట్టుకోవాలి. పక్కవాళ్లతో మాట్లాడుతూ ఎక్కగలిగినంత వేగమే నీ వేగం. మాట తెగుతోందంటే అడుగు తగ్గించు. మునివేళ్ల మీద ఎక్కకు, పిక్కలు పట్టేస్తాయి. పాదం మొత్తం మెట్టు మీద ఆనించి, బరువంతా ఆ కాలి మీదికి వచ్చాకే రెండోది ఎత్తు. ఆగాల్సి వస్తే నిలబడే ఆగు, కూలబడకు. దాహం వేయకముందే రెండు గుక్కలు తాగు. చేతిలో ప్లాస్టిక్ సంచి ఊపుకుంటూ నడవకు, కోతులు వదలవు. వీపు సంచిలో పెట్టుకుని జిప్పు వేసెయ్.

దారిలో మెట్ల పూజ చేసే ఆడవాళ్లు కనబడతారు. వంగి ప్రతి మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఇంకో మెట్టుకు జరుగుతుంటారు. నడుము ఎత్తకుండా పైదాకా వెళ్లేవాళ్లున్నారు. వాళ్లను తోసుకుని ముందుకు పోకు. తడి పసుపు మీద కాలు వేస్తే జారుతుంది, మెట్టు లోపలి అంచున పొడిగా ఉన్నచోట చూసి వెయ్యి. పైన గుడిలో బెల్లం వాసన గాలిలోనే తగులుతుంది. పూజారి శంఖంతో స్వామి నోట్లో పానకం పోస్తుంటే గుటక వేసిన చప్పుడు వినబడుతుంది. కొంత పోశాక ఆ చప్పుడు ఆగుతుంది, మిగిలింది మన చేతికి ప్రసాదంగా ఇస్తారు. ఆ తియ్యటి పానకం అప్పుడు నీ ఒంటికి కావలసిందే.

అక్కడితో దిగి వచ్చేవాళ్లే ఎక్కువ. నువ్వు ఇంకా పైకి, గండాలయం దాకా వెళ్లాలి. అక్కడ విగ్రహం ఉండదు. కష్టాలు గట్టెక్కాలని మొక్కుకున్నవాళ్లు దీపం వెలిగిస్తారు, అంతే. నేను నిన్ను కొండ ఎక్కమన్నది ఆ చోటు కోసమే. ఉత్తరాన విజయవాడ కొండల వరస కనబడుతుంది. ఇటు తిరిగి మన వైపు, తూర్పు దక్షిణాల మూలకు చూడు. ఒక్క మిట్ట ఉండదు. పచ్చదనం సాగి సాగి మంచులో కలిసిపోతుంది.

ఇప్పుడు నీ కాళ్ల కింద, ఊళ్లో ఉన్న దిగువ గుడి గాలిగోపురం చూడు. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09 మధ్య కట్టించాడు. పదకొండు అంతస్తులు, 153 అడుగులు. ప్రకాశం బ్యారేజీ దగ్గర పూర్తి నీటిమట్టం సముద్రానికి 57.05 అడుగుల ఎత్తు. అక్కడి నుంచి సముద్రం ఇంకా ఎంతో దూరం. అంటే అమ్మాయీ, అంత దూరం నడిచే కృష్ణ నీటికి ఉన్న మొత్తం పల్లం ఈ గోపురంలో సగం కూడా లేదు! వ్యవసాయం చదువుతున్నావు కనుక ఈ లెక్క నీకు చాలా చోట్ల పనికొస్తుంది. మన కాలవలు ఎందుకంత నిదానంగా పారతాయో, వాన పడితే రేపల్లె చేలల్లో నీళ్లు రోజుల తరబడి ఎందుకు నిలబడతాయో, మురుగు కాలువ పూడిక తీయకపోతే రైతు ఎందుకు గగ్గోలు పెడతాడో ఇందులోనే ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు, మీ ఊరికి ఏటి అవతల దివిసీమలో వేలమంది పోయారు. తలదాచుకుందామంటే ఎత్తైన నేల లేదు. ఇదంతా పుస్తకంలో చదవడం వేరు, గండాలయం దగ్గర నిలబడి కళ్లతో కొలవడం వేరు.

దిగేటప్పుడు మరింత జాగ్రత్త. ఎక్కడం ఊపిరికి పరీక్ష, దిగడం మోకాళ్లకు. చిన్న అడుగులు వెయ్యి, మోకాలు కాస్త వంచి ఉంచు, పరుగు వద్దు.

రెండోసారి ఉండవల్లి. గుహల్లో పడుకున్న అనంతపద్మనాభుణ్ణి చూసి, పై అంతస్తు ముందుకు వచ్చి కృష్ణ వైపు చూడు. ఆ తర్వాత అక్కడికి దగ్గర్లోనే ఉన్న సీతానగరం వెళ్లు. ఇటు సీతానగరం కొండ, అటు ఇంద్రకీలాద్రి, మధ్యలోంచి ఏరు. అక్కడ రెండు వైపులా రాయి ఉండి ఏరు ఇరుకైంది కాబట్టే ఆనకట్టకు ఆ చోటు ఎంచుకున్నారు. 1832-33 కరువులో గుంటూరు సీమ జనం పిట్టల్లా రాలిపోయారు. అంత జరిగినా ఆనకట్ట పని 1852లోగాని మొదలు కాలేదు. ఆ ఇరవై ఏళ్ల జాప్యం తలచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది. కెప్టెన్ ఓర్ 1855కి పూర్తి చేశాడు. దాని బదులు ఇప్పుడున్న బ్యారేజీ 1957లో వచ్చింది. సీతానగరం వైపు బయల్దేరిన పశ్చిమ కాలువ దుగ్గిరాల లాకుల దగ్గర పాయలవుతుంది. నిజాంపట్నం కాలువ మా తెనాలి మీదుగా, కొమ్మమూరు కాలువ మీ బాపట్ల వైపు.

ఇంగ్లండులో ఉన్న నీ స్నేహితురాలికి ఆల్‌ఫ్రెడ్ వెయిన్‌రైట్ పేరు చెప్పు, ఆమెకు తెలిసే ఉంటుంది. కెండల్ పట్టణ పాలక సంస్థలో లెక్కల ఉద్యోగి. కారు లేదు. సెలవు రోజున బస్సెక్కి వెళ్లి, లేక్ డిస్ట్రిక్ట్‌లో 214 కొండలు ఎక్కి, ఒక్కోదాని దారినీ, పైనుంచి కనబడేదాన్నీ సొంత చేత్తో గీసి, అక్షరాలు కూడా చేత్తోనే రాసి 1955-66 మధ్య ఏడు సంపుటాలు వేశాడు. అందులో నువ్వు తీసుకోవాల్సింది చూసినదాన్ని చేత్తో గీసే అలవాటు, దానికో నోటుపుస్తకం. ఫొటో నొక్కేస్తే కన్ను పని అయిపోయిందనుకుంటుంది. పెన్సిలుతో గీత గీయాలంటే ఏ కాలవ ఎటు తిరిగిందో, ఏ ఊరి పక్కన ఏ చెరువుందో చూడక తప్పదు. బొమ్మ బాగుండక్కర్లేదు, దిక్కులు సరిగా ఉంటే చాలు.

కొండవీడు మూడోది. అది మెట్ల వరస కాదు, రెడ్డిరాజుల కోట. నడక ఎక్కువ, బురుజులు, చెరువులు, రాళ్ల మధ్య ముళ్లపొదలు. 1515లో కృష్ణదేవరాయలు ఆ కోటను గెలిచిన సంగతి చెక్కిన శాసనం మంగళగిరిలోనే ఉంది. మొదటిసారి దిగి వచ్చాక అదీ చూపిస్తాను. ఘాట్ రోడ్డు వచ్చాక కార్లు పైదాకా పోతున్నాయి, కానీ కోట గోడ వెంట కాలినడకన తిరిగితేనే కాపలావాడికి ఎక్కడి నుంచి ఏ దారి కనబడేదో తెలుస్తుంది. అక్కడికి ఒంటరిగా వెళ్లకు. నీ క్లాసు పిల్లలను నలుగురిని పోగుచెయ్. నిండు బూట్లు వేసుకోండి, ఒక్కొక్కరికీ రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. సీతాఫలాల కాలంలో అయితే కొండవీటి పళ్లు కిందే అమ్ముతారు, మీ అమ్మకు పట్టుకెళ్లు.

కార్తీకంలో ఏ ఆదివారం వీలవుతుందో మీ హాస్టల్ వార్డెన్‌ను అడిగి రాయి. శనివారం సాయంత్రం తెనాలి స్టేషనుకు నేనే వస్తాను. నోటుపుస్తకం, రెండు పెన్సిళ్లు తెచ్చుకో.

ఆశీస్సులతో,
పెదనాన్న