లిల్లీ దుంపల సాగు

ఎనిమోను మొదలగు కొన్ని దుంపపూవులు చలువప్రదేశములయందే చక్కగా బూయును. గోదావరి తీరపు ఎండలకు అవి తాళజాలవు. కొవ్వూరు ప్రాంతపు రైతునకు తగిన దుంపపూవు నేలసంపెంగ. దీనినే బజారునందు లిల్లీ యందురు. మెక్సికో దేశము దీని పుట్టినిల్లు. ఆవలిగట్టున కడియపులంకలో పూలబజారుండుట మనకొక సౌకర్యము.

అయినను ఈ పైరునకు పెట్టుబడిలో పెద్దభాగము మొదటనే దుంపలకగును. వరుసల నడుమ 12 అంగుళములు, దుంపల నడుమ 8 అంగుళములు ఎడముంచినచో ఎకరమునకు సుమారు 65,000 దుంపలు పట్టును. ఇన్ని దుంపలను నీరు నిలుచు చేనిలో నాటినచో ఒక్క ముసురుకే అవి కుళ్ళి, పెట్టుబడి మట్టిపాలగును. కావున క్రొత్తవారు మొదట 5 సెంట్లలో మాత్రమే నాటి చూడవలెనని మేము చెప్పుచున్నాము. దానికి 3,200 దుంపలు చాలును.

నేల: వరిచేని పల్లపు బంకమట్టి దీనికి పనికిరాదు. వరదముంపు లేని మెరకనేల, నీరు త్వరగా ఇంకునది, శ్రేష్ఠము. చివికిన పశువుల యెరువు వేసి, కలియదున్ని, ఎత్తుమళ్ళు కట్టి, నడుమ మురుగుబోదెలు తీయవలెను.

దుంప: అంగుళము లావు గలిగి, గట్టిగా నున్న దుంపలనే యేరవలెను. త్రవ్విన వెంటనే నాటక, నీడను ఆరబెట్టి, నెలదినములు విశ్రాంతి నీయవలెను. మాలలకు విడిపూవులు కావలసినవారు బెంగుళూరు ఉద్యానపరిశోధనాసంస్థవారి శృంగార్, ప్రజ్వల్ అను ఒంటిరేకు రకములను నాటవచ్చును. సువాసిని, వైభవ్ అను ముద్దరకములు కాడపూవులుగా అమ్ముటకు తగినవి.

పోషణ: నీటివసతి గలవారు ఫిబ్రవరి, మార్చి నెలలలో 2 అంగుళముల లోతున నాటవలెను. మొలక వచ్చువరకు తడి మితముగా నుండవలెను. తరువాత మన్ను ఆరుటను చూచి నీరు పెట్టి, కలుపు తీయుచుండవలెను. సుమారు మూడునెలలకు కాడలు వెడలును. పూవులను తెల్లవారుజామున కోసినచో వాడక బజారు చేరును.

తెగులు: మొగ్గలపై గోధుమరంగు చారలు పడి, అవి విచ్చక పెళుసెక్కినచో నులిపురుగు సోకియుండవచ్చును. వరియాకుల కొనలను తెల్లబరచునది కూడ ఈ పురుగే. అట్టి తోటనుండి ఒక్క దుంపనైనను తేరాదు. వచ్చిన మొక్కలను పెరికి కాల్చవలెను.

ఒకసారి పూచిన దుంప మరల పూయదు; దాని ప్రక్కల పుట్టిన పిల్లదుంపలే పిమ్మట పూయును. మూడేండ్లకు అవి క్రిక్కిరిసి పూవు చిన్నదగును. అప్పుడు త్రవ్వి, లావుదుంపలను వేరుచేసి, వేరొక నేలలో నాటవలెను. ఆనాటికి దుంపలు కొనవలసిన పనియుండదు. 5 సెంట్ల దుంపలతోనే తోటను పెంచుకొనవచ్చును. క్రొత్తగా నాటదలచిన సభ్యులు నలుగురైదుగురు కలసి, పూచుచున్న తోటను ముందుగా కన్నులార చూచి, దుంపలను ఒక్కచోటనే కొని పంచుకొనినచో మోసపోవు భయము తగ్గును.