జొన్న రొట్టె తిన్నా బరువెందుకు తగ్గలేదు?

ప్రశ్న: మాది ఉట్నూర్. వయసు 36, ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. కిరాణా దుకాణం నడుపుతాను, పొద్దంతా కూర్చునే పని. అన్నం మానేస్తే సన్నబడతారంటే మూడు నెలలు జొన్న రొట్టెలే తిన్నాను, రాత్రిళ్లు ఉపవాసం ఉన్నాను. మొదట్లో 5 కిలోలు తగ్గి అక్కడే ఆగిపోయింది. మళ్లీ మామూలుగా తినడం మొదలుపెట్టగానే తగ్గిందంతా తిరిగొచ్చింది. పొద్దున గంటసేపు నడుస్తున్నా బరువులో మార్పు లేదు. మా అమ్మకు షుగర్ ఉంది, నాకూ వస్తుందేమోనని భయం. ఏం తినాలి? ఎంత నడవాలి?

జవాబు: ముందు మీ లెక్క చూద్దాం. మీ ఎత్తుకూ బరువుకూ బీఎంఐ 29 దాటింది. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. మనకు కొవ్వు ఎక్కువగా పొట్ట దగ్గర పేరుకుంటుంది, తక్కువ బరువుకే షుగర్ వస్తుంది. అందుకే మనకు హద్దులు కిందికి పెట్టారు. నడుము కొలత ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదు. ఇంట్లో షుగర్ కూడా ఉంది కాబట్టి మీ భయంలో అర్థం ఉంది. కానీ దాన్ని ఆపడానికి మీరు ఇరవై కిలోలు తగ్గనక్కర్లేదు. అమెరికాలో షుగర్ అంచున ఉన్న 3 వేల మందికి పైగా స్త్రీపురుషులపై జరిగిన పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. 7 శాతం బరువు తగ్గాలి, వారానికి 150 నిమిషాలు నడవాలి అన్నవే వాళ్లకు పెట్టిన లక్ష్యాలు. ఆ దారిలో నడిచినవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో తగ్గింది 31 శాతమే. మీ విషయంలో 7 శాతమంటే 5 కిలోల లోపే. చెన్నై వైద్యులు మన దేశంలోనే చేసి 2006లో ప్రకటించిన ఇలాంటి పరిశోధనలో మరో విశేషం ఉంది. అక్కడ తిండి, నడక మార్చుకున్నవాళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అయినా షుగర్ వచ్చే ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది. బరువు చూసే కాంటా చెప్పని మేలు కూడా ఒంట్లో జరుగుతుందన్నమాట.

కాబట్టి ఎన్ని కిలోలు, ఎంత త్వరగా అన్న ప్రశ్న పక్కన పెట్టండి. ఏ మార్పునైనా తీసుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇది ఏడాది తర్వాత కూడా మా ఇంట్లో నడుస్తుందా? పత్తి ఏరే రోజుల్లో, పెళ్లిళ్ల నెలల్లో, కేస్లాపూర్ నాగోబా జాతరకు చుట్టాలు వచ్చినప్పుడు కూడా నిలబడుతుందా? నిలబడని నియమం ఎంత గొప్పదైనా మీకు వైద్యం కాదు. మూడు నెలల మీ ప్రయత్నం ఎక్కడ తప్పిందో కూడా ఈ ప్రశ్నే చెబుతుంది.

జొన్నల సంగతి తీసుకుందాం. వంద గ్రాముల బియ్యంలోనూ, వంద గ్రాముల జొన్నల్లోనూ క్యాలరీలు ఇంచుమించు సమానం, 340 నుంచి 350 దాకా. జొన్నలో పీచు బియ్యం కన్నా మూడు రెట్లకు పైగా ఎక్కువ, మాంసకృత్తులూ కొంత ఎక్కువే. అందువల్ల కడుపు నిండినట్టు ఉంటుంది, భోజనం తర్వాత షుగర్ మరీ ఎగబాకదు. అందుకని జొన్న మంచిదే. కానీ పూటకు నాలుగు రొట్టెలు తింటే అందిన శక్తి నాలుగు గరిటెల అన్నంతో వచ్చేదానికి తక్కువేమీ కాదు. ‘మా పెద్దలు గట్క, అంబలి, రొట్టెలే తిని సన్నగా, గట్టిగా ఉన్నారు కదా’ అని మీరు అడగవచ్చు. నిజమే. 1940లలో మార్లవాయి గూడెంలో ఉండి గోండుల జీవితాన్ని నమోదు చేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ కాలానికి ఈ గుట్టల్లో ముఖ్యమైన తిండి జొన్నే. అయితే ఆ రొట్టె వెనక పొద్దంతా నాగలి, కట్టెల మోపు, నీళ్ల బిందె ఉండేవి. రొట్టెతో పాటు నూనె, చక్కెర ఇంతగా ఇంటికి వచ్చేవి కావు. వాళ్ల తిండిలోంచి జొన్నను ఒక్కదాన్నే ఏరుకుని, మిగతా బతుకంతా ఇప్పటిదే ఉంచుకుంటే వాళ్ల ఒళ్లు మనకు రాదు.

ఇక తగ్గింది ఎందుకు తిరిగొచ్చింది? ఉపవాసాల మొదటి వారాల్లో తగ్గే బరువులో నీరు చాలా ఉంటుంది. ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చవుతూ, తనతో ఉన్న నీటినీ వెంట తీసుకుపోతుంది. మాంసకృత్తులు చాలకపోతే కండ కూడా కరుగుతుంది. ఆ తర్వాత శరీరం ఎదురు తిరుగుతుంది. తగ్గిన ప్రతి కిలోకు ఒంటి ఖర్చు రోజుకు 20 నుంచి 30 క్యాలరీలు పడిపోతుందనీ, ఆకలి మాత్రం వంద క్యాలరీల దాకా పెరుగుతుందనీ అమెరికా శాస్త్రవేత్తలు 2016లో లెక్కగట్టారు. అంటే 5 కిలోలు తగ్గిన మనిషికి మునుపటికన్నా రోజుకు 500 క్యాలరీల ఆకలి ఎక్కువ. మీకు నోరు కట్టుకోవడం చేతకాలేదని మీరు బాధపడుతున్నారేమో, అది మీ బలహీనత కాదు. ఆ ఆకలికి జవాబు చెప్పగల తిండి మీ కంచంలో లేకపోవడమే లోపం.

పద్ధతి పేరు మార్చినా ఈ సంగతి మారదు. 2018లో ఫలితాలు ప్రకటించిన స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కొవ్వు, రెండో జట్టుకు పిండిపదార్థాలు తగ్గించారు. ఏడాది తర్వాత మొదటి జట్టు సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గాయి. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. చైనాలో 2022లో వెలువడిన పరిశోధనలో పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపే తిన్నవాళ్లకు, అన్నే క్యాలరీలు మామూలు వేళల్లో తిన్నవాళ్లకన్నా అదనపు లాభం కనిపించలేదు. రాత్రి తొందరగా తినడం మీకు కుదిరితే మంచిదే. కానీ ఉపవాసంలో మహిమ లేదు. ఏ దారిలో ఎక్కువ కాలం ఉండగలరో అదే మీ దారి.

మరి ఆకలికి జవాబు చెప్పే తిండి ఏది? మన భోజనంలో అసలు చిక్కు ధాన్యం కుప్పగా ఉండటం, పప్పు నీళ్లలా ఉండటం, కూర నంజుకోవడానికే ఉండటం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 2 వేల క్యాలరీల తిండికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు సూచించింది. బరువు తగ్గాలనుకునే మీలాంటివాళ్లు ధాన్యాన్ని 150 నుంచి 180 గ్రాములకు దించి, పప్పును, కూరగాయలను తగ్గించకుండా ఉంచాలి. మన రేషన్ బియ్యం మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. మీ ధాన్యం మొత్తం ఆ లోపే ఉండాలని గుర్తుపెట్టుకుంటే చాలు. కంచంలో సగం కూర, పావు వంతు గట్టి పప్పో గుడ్లో చేపలో కోడికూరో, మిగిలిన పావు అన్నం లేదా రొట్టె. మధ్యాహ్నం అన్నం ఇష్టమైతే అన్నమే తినండి, రాత్రి రెండు రొట్టెలు చేసుకోండి. పుంటికూర, తోటకూర, గోకరకాయ, చిక్కుడు, సొరకాయ, బీరకాయ కడుపు నిండా తినవచ్చు. అయితే నూనె చూసుకోవాలి. నలుగురున్న ఇంటికి నెలకు రెండు, మహా అయితే రెండున్నర లీటర్లు చాలు. భోజనానికి ముందు పల్చటి మజ్జిగ తాగితే ఆకలి కొంత అణుగుతుంది.

కంచం బయట తినేదాన్ని కూడా లెక్కలో వేయాలి. దుకాణంలో కూర్చునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. రెండు చెంచాల చక్కెరతో నాలుగు చాయ్‌లు తాగితే ఒక్క చక్కెర నుంచే 160 క్యాలరీలు. చేతికి అందేంత దూరంలో బిస్కెట్లు, చిప్స్, మిక్స్చర్ పొట్లాలు ఉంటాయి. 2019లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి రెండు వారాలు ప్యాకెట్ తిండి, రెండు వారాలు ఇంటి వంటలాంటి తిండి పెట్టారు. రెండింట్లోనూ వడ్డించిన క్యాలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు సమానమే, ఇష్టమైనంత తినవచ్చు. ప్యాకెట్ తిండి ఉన్న రోజుల్లో వాళ్లు రోజుకు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లోనే కిలో దాకా పెరిగారు. దుకాణంలో ఆకలి వేళకు ఉడికించిన పెసలో, బొబ్బర్లో, గుప్పెడు పల్లీలో దగ్గర పెట్టుకోండి. చాయ్ మానక్కర్లేదు, చక్కెరను వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తూ రండి. నాలుక అలవాటు పడుతుంది.

నడక గురించి మీ అసంతృప్తి నాకు అర్థమవుతోంది. మీ బరువున్న మనిషి గంటసేపు మామూలుగా నడిస్తే ఖర్చయ్యేది రెండు వందల క్యాలరీలు. ఒక తియ్యటి చాయ్, రెండు మిర్చి బజ్జీలు దాన్ని పూడ్చేస్తాయి. అందుకే ఒక్క నడకతోనే బరువు తగ్గడం కష్టం. అలాగని నడక దండగ అనుకోకండి. షుగర్, రక్తపోటు అదుపులో ఉండటానికి, నిద్ర పట్టడానికి, అన్నిటికన్నా మించి తగ్గిన బరువు తిరిగి రాకుండా ఉండటానికి అదే ఆధారం. తిండి తగ్గిస్తుంది, నడక నిలబెడుతుంది. వేగం పెంచండి: మాట్లాడగలిగేలా, కానీ పాట పాడలేనట్టుగా నడవాలి. రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు నడిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 150 నిమిషాలు పూర్తవుతాయి. దానికి తోడు వారంలో రెండు రోజులు కండకు పని చెప్పాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, నీళ్ల సీసాలు ఎత్తడం ఇంట్లోనే చేయవచ్చు. ఇవి లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. దుకాణంలో గంటకోసారి లేచి అయిదు నిమిషాలు తిరగండి. మన జిల్లాలో ఎండలు ముదిరితే పొద్దున ఏడు లోపే నడక ముగించాలి. చలికాలంలో సాయంత్రం నడవండి, కానీ మానకండి.

ప్రశ్న: పప్పులు, గుడ్లు రోజూ తినమంటారు. రేషన్‌లో వచ్చేది బియ్యమే. పేదవాళ్లకు ఇది అయ్యే పనేనా? – ఇంద్రవెల్లి

జవాబు: ఇది న్యాయమైన ప్రశ్న. చవకగా దొరికేదే కంచం నింపుతుంది, అందుకే ధాన్యం కుప్పగా మారింది. మనదేశంలో సగటు మనిషి తిండిలో 62 శాతం శక్తి పిండిపదార్థాల నుంచే వస్తోందని భారత వైద్య పరిశోధన మండలి 2025లో ప్రకటించిన అధ్యయనం చెప్పింది. పల్లెలో పరిష్కారం కొంత చేలోనే ఉంది. పత్తిలో సాళ్ల మధ్య వేసుకునే కందిని మొత్తం అమ్మేయకుండా ఏడాదికి సరిపడా ఇంటికి ఉంచుకోండి. పెరట్లో చిక్కుడు పాదు, నాలుగు కోళ్లు ఉన్న ఇంటికి కూర, గుడ్డు కొనాల్సిన పని తగ్గుతుంది. కొనుక్కునేవాళ్లు బిస్కెట్ పొట్లాలు, చక్కెర, నూనె మీద పెట్టేదాంట్లో సగం మిగిల్చి పప్పు మీద పెట్టండి. అయితే భారమంతా ఇంటి మీదే వేయడం సరికాదు. బియ్యంతో పాటు పప్పులు, జొన్నలు కూడా రేషన్‌లో ఇస్తే ఈ ప్రాంతంలో షుగర్‌కు అంతకన్నా మంచి మందు ఉండదు.

ప్రశ్న: మా గూడేల్లో సన్నగా, రక్తం లేకుండా ఉన్నవాళ్లే ఎక్కువ. బరువు తగ్గే మాట మాకెందుకు? – నార్నూర్

జవాబు: రెండు సమస్యలూ ఒకే చోట, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉన్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ మహిళల్లో 30 శాతం అధిక బరువుతో ఉంటే, దాదాపు 19 శాతం ఉండాల్సినదానికన్నా తక్కువ బరువుతో ఉన్నారు. పైన చెప్పిన ధాన్యం కోత తక్కువ బరువున్నవాళ్లకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఎదిగే పిల్లలకు పనికిరాదు. ఇప్పపువ్వు లడ్డూ రక్తహీనత ఉన్న సన్నటి అమ్మాయికి బలం. బరువు తగ్గాలనుకునేవాళ్లకు అదే లడ్డూ అదనపు శక్తి. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవాళ్లు నీళ్లు తాగకుండా ఉపవాసాలు చేయడం, ఎండలో ఒళ్లు అలిసేలా వ్యాయామం చేయడం ప్రమాదం, నొప్పులు తిరగబెడతాయి. వాళ్లకు మూడు నెలల సగటు షుగర్ పరీక్ష కూడా తప్పు ఫలితం చూపవచ్చు కాబట్టి పరగడుపు పరీక్ష మీద ఆధారపడాలి. అయితే సన్నటి మనిషికీ, లావు మనిషికీ కావాల్సింది ఒకటుంది. ఇద్దరి కంచంలోనూ పప్పు, గుడ్డు, ఆకుకూర పెరగాలి. తేడా అన్నం కొలతలోనే.

ప్రశ్న: ఇప్పుడు వారానికి ఒక ఇంజెక్షన్‌తో బరువు తగ్గుతారట. అంత కష్టపడటం ఎందుకు? – ఉట్నూర్

జవాబు: ఆ మందులు నిజంగానే పనిచేస్తాయి. స్థూలకాయంతో పాటు షుగర్, గుండెజబ్బు ఉన్న కొందరికి అవసరం కూడా. కానీ అవి ఆకలిని అణచి ఉంచుతాయే గానీ, ఆకలి తీరును శాశ్వతంగా మార్చవు. ఆ ఇంజెక్షన్లలో ఒకటైన సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని పరిశోధనలో తేలింది. ఖర్చు, వాంతులు, కండ తగ్గడం అదనం. మందు వాడేవాళ్లకు కూడా పప్పు, నడక, కండకు పని తప్పవు. డాక్టర్ రాయకుండా మాత్రం ఎవరూ వాడకూడదు.

మొదటి ప్రశ్న అడిగిన సోదరికి చివరి మాట. ఈ వారంలోనే ఉట్నూర్ ప్రభుత్వ ఆసుపత్రిలో పరగడుపు షుగర్, రక్తపోటు, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షల గురించి అడగండి. థైరాయిడ్ మందగిస్తే బరువు తగ్గడం కష్టమవుతుంది. మొదటి నెల రెండు మార్పులే చేయండి: కంచంలో పప్పు గట్టిపడాలి, చాయ్‌లో చక్కెర సగమవ్వాలి. రెండో నెలలో అన్నం, రొట్టెల కొలత తగ్గించండి. మూడో నెలకు కండల వ్యాయామం చేర్చండి. బరువు వారానికి ఒకసారి, నడుము కొలత నెలకు ఒకసారి రాసుకోండి. నెలకు కిలో తగ్గినా అది మంచి వేగమే. పెళ్లిలోనో జాతరలోనో ఒక రోజు ఎక్కువ తింటే మర్నాడు ఉపవాసంతో శిక్షించుకోకండి, మామూలు భోజనానికి తిరిగి వచ్చేయండి. ఆరు నెలల తర్వాత నడుము నాలుగు సెంటీమీటర్లు తగ్గి, షుగర్ అదుపులో ఉంటే, కాంటా ఏమన్నా సరే మీరు గెలిచినట్టే.