మాంట్రియల్ స్టేషనులోని రంగుగాజు గోడ

బట్టల వర్తకుడు రంగు తెలిసికొనుటకు గుడ్డను వాకిటి వెలుతురులో పరచి చూచును. రత్నవర్తకుడు కెంపును వెలుతురుకు ఎదురుగా ఎత్తిపట్టి చూచును. గుడ్డ రంగు, దానిపై పడి తిరిగివచ్చిన వెలుతురు వలన తెలియును. కెంపు రంగు, దానిలోనుండి దూరివచ్చిన వెలుతురు వలన తెలియును. రంగుగాజు కళ ఈ రెండవ తెగకు చెందినది. కనుక దానికి శిల్పితోపాటు సూర్యుడును పనివాడే.

గాజును కరగించునపుడు కోబాల్టు చేర్చిన నీలము, మాంగనీసు చేర్చిన ఊదా, కొద్దిగా బంగారము చేర్చిన ఎరుపు కలుగును. పూర్వము ఐరోపాలో ఇట్టి గాజు ముక్కలను సీసపు పట్టీలతో కూర్చి పవిత్ర గాథలను చిత్రించిరి. పారిస్ నగరమున 1248లో ప్రతిష్ఠింపబడిన సేంట్ షాపెల్ ఇందుకు ప్రసిద్ధము. కాని అందలి పై అంతస్తు రాజపరివారము కొరకు కట్టినది.

ఆ వెలుగు దారిన పోవు వారికి దక్కుట ఎట్లు? కెనడా దేశపు మాంట్రియల్ నగరమున 1966లో భూగర్భ రైలు ప్రారంభమైనది. స్టేషనులలో నగరచరిత్ర దృశ్యములు ఉండవలెనని అచ్చటి కళాదర్శకుడైన రొబేర్ లాపాల్మ్ కోరెను. మార్సెల్ ఫెరోన్ (1924–2001) అను చిత్రకారిణి అందుకు సమ్మతింపలేదు. ఆమె 1953 నుండి 1966 వరకు ఫ్రాన్సులో నివసించి, అచ్చటనే గాజుపని నేర్చెను. 1968లో షాం-ద-మార్స్ స్టేషనుకు ఆమె చేసిన గాజుగోడలో మనుష్యులు లేరు, కథ లేదు. వంపులు తిరిగిన పెద్ద పెద్ద రంగుల రూపములే కలవు.

ఊదిచేసిన రంగుగాజును రెండు తెల్లగాజు పలకల నడుమ అమర్చుటచే సీసపు నల్లగీతల అవసరము తప్పినది. ఎండపొద్దున ఆ రంగులు లోపలి నేలపై పడి, ప్రొద్దుతోపాటు జరుగుచుండును. చదువు రానివాడును, ఆ ఊరి భాష తెలియని పరదేశియు వాటిని సమానముగా అనుభవింపగలరు. కథను విడిచిన దానికి ఇదియే ప్రతిఫలము.

అయితే ఒక మెలకువ అవసరము. అట్టి గోడకు ఎదురుగా ఎత్తయిన మేడ లేచినచో, గాజు పగులకుండగనే కళ నశించును. కావున ధర్మశాలకో, ఆసుపత్రికో రంగుగాజు కిటికీని సమర్పింపదలచిన దాత, గాజు వెల విచారించుటకు ముందు ఎండ ఏ దిక్కునుండి వచ్చునో చూడవలెను; ఆ దిక్కున జాగా ఖాళీగా నిలుచునట్లు ఏర్పాటు చేయవలెను. గాజు మాత్రమే ఇచ్చిన దానము సగమే. వెలుతురుకు త్రోవ ఉంచిననాడే అది పూర్తియగును.