తెర మీద తెగిన చెట్టు

మీ బడిలో కంప్యూటరును పెద్ద టీవీకి కలిపి పాఠం చూస్తున్నప్పుడు, కదిలే బొమ్మ అడ్డంగా తెగినట్లు ఎప్పుడైనా కనిపించిందా? పై సగం ఒకచోట, కింది సగం కాస్త పక్కకు జరిగి మరొకచోట! దీనిని స్క్రీన్ టేరింగ్ అంటారు. మనం 'తెర చీలిక' అని పిలుచుకుందాం.

అరకులోయలో నేను పాఠం చెప్పే బడిలో ఇది మొదట కనిపించింది సిల్వర్ ఓక్ చెట్ల మీద. అనంతగిరి ఘాట్ రోడ్డులో బస్సు కిటికీలోంచి ఫోనుతో తీసిన వీడియో అది. కాఫీ మొక్కలకు నీడనిచ్చే ఆ చెట్లు ఎంత నిటారుగా ఉంటాయో ఈ ప్రాంతం పిల్లలకు చెప్పనక్కరలేదు. మిరియాల తీగ పాకిన ఆ మానును ఎవరో నడిమికి నరికి, పై ముక్కను పక్కకు జరిపినట్లుంది!

"టీవీ పాడైపోయింది సార్" అన్నారు పిల్లలు. నేనూ అలాగే అనుకున్నాను. కేబులు మార్చాను, లాభం లేదు. కరెంటును తిట్టాను, అదీ లాభం లేదు. సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న విశాఖపట్నానికి మరమ్మతు కోసం బస్సులో పంపుదామని అట్టపెట్టె కూడా వెతికించాను. పంపితే వారాల తరబడి పాఠాలు ఆగిపోయేవి. ఘాట్ కుదుపులకు తెర పగిలితే ఇక చెప్పేదేముంది!

ఆ ప్రయాణాన్ని ఆపింది ఎనిమిదో తరగతి అమ్మాయి. "వీడియో ఆపగానే చెట్టు అతుక్కుంటోంది కదా సార్! తెర పాడైతే మళ్లీ ఎలా అతుక్కుంటుంది?" అని అడిగింది. బి.ఇడి. చదివిన నాకు తట్టని ప్రశ్న అది.

అసలు సంగతి ఏమిటో చూద్దాం. టీవీ బొమ్మను ఒక్కసారిగా వేయదు. ఫుల్ హెచ్.డి. తెర మీద 1080 వరుసలుంటాయి. పై వరుసతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా కిందికి నింపుకుంటూ వస్తుంది. సెకనుకు 60 సార్లు ఈ పని చేసే టీవీకి ఒక బొమ్మ పూర్తి కావడానికి దాదాపు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. కంప్యూటరు చేసే పని వేరు. అది తన జ్ఞాపకశక్తిలో ఫ్రేమ్ బఫర్ అనే చోట బొమ్మను సిద్ధంచేసి ఉంచుతుంది. అక్కడినుండే వరుసలు టీవీకి వెళ్తాయి.

నల్లబల్ల మీద నేను రాసిన పాఠాన్ని మీరు పైనుండి కిందికి ఎక్కించుకుంటున్నారనుకోండి. మీరు సగంలో ఉండగానే నేను బల్ల తుడిచి కొత్త పాఠం రాసేస్తే? మీ పుటలో పై సగం పాత పాఠం, కింది సగం కొత్త పాఠం! తెర మీద జరిగిందీ అంతే. టీవీ సగం వరుసలు తీసుకునేసరికి కంప్యూటరు బొమ్మ మార్చేసింది. వరుసలు అడ్డంగా ఉంటాయి కనుక చీలిక కూడా అడ్డంగానే వస్తుంది.

ఎంత జరుగుతుందో లెక్క కడదాం. 43 అంగుళాల టీవీ తెర వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. ఒక చెట్టు ఈ చివరి నుండి ఆ చివరికి 4 సెకన్లలో పోయిందనుకుందాం. వీడియోలో సెకనుకు 30 బొమ్మలైతే 4 సెకన్లకు 120. 95ని 120తో భాగించండి. ఒక్కో బొమ్మకు చెట్టు దాదాపు 8 మిల్లీమీటర్లు జరుగుతుంది. మాను తెగి జరిగిన దూరం అదే. వీడియో ఆపితే పాత బొమ్మా కొత్త బొమ్మా ఒక్కటే, కాబట్టి అతుకు కనిపించదు.

తప్పు ఎక్కడుందో తేల్చడానికి ఆ వీడియోనే పెన్ డ్రైవులో వేసి నేరుగా టీవీకి పెట్టాం. చెట్టు నిటారుగా ఉంది! అంటే టీవీ, వీడియో రెండూ మంచివే. కేబులు చెడితే తెర మీద చుక్కలు మెరుస్తాయి, లేదా బొమ్మ మాయమై మళ్లీ వస్తుంది. ఇలా శుభ్రంగా కోసినట్లు ఉండదు.

మా కంప్యూటరు ఒకే బొమ్మను రెండు తెరలకు పంపుతోంది. దాని సొంత తెర సెకనుకు 60 సార్లు, టీవీ 50 సార్లు బొమ్మ వేస్తున్నాయి. కంప్యూటరు సొంత తెర తాళానికి బొమ్మ మారుస్తుంటే టీవీకి తాళం తప్పింది. విండోస్ మీట, పి మీట కలిపి నొక్కి 'సెకండ్ స్క్రీన్ ఓన్లీ' ఎంచుకున్నాం. డిస్‌ప్లే సెట్టింగులలో టీవీ రిఫ్రెష్ రేటును 60 చేశాం. చెట్టు అతుక్కుంది. పైసా ఖర్చు లేదు!

ఇంకా పోకపోతే వీడియో ప్లేయరులోనో గ్రాఫిక్స్ సెట్టింగులలోనో 'వి-సింక్' అనేది ఉందేమో చూడండి. అది గంట కొట్టే బంట్రోతు వంటిది. మీరు చివరి వరుస ఎక్కించుకునే దాకా నన్ను బల్ల తుడవనివ్వదు. అంతవరకు కొత్త పాఠాన్ని రెండో బల్ల మీద రాసుకుంటాను. ఆటలాడేవారికి మాత్రం దీనివల్ల మీట నొక్కిన ఫలితం కాస్త ఆలస్యంగా కనిపించవచ్చు. 2017లో వెలువడిన హెచ్.డి.ఎం.ఐ. 2.1 ప్రమాణంలో ఇంకో ఉపాయం ఉంది. దానిని వాడుకునే టీవీలలో టీవీయే కంప్యూటరు కోసం ఆగుతుంది.

'వి' అంటే వర్టికల్, అనగా నిలువు. 1980లలో టీవీ చూసినవారిని అడగండి. బొమ్మ కిందికో పైకో దొర్లిపోతుంటే 'వర్టికల్ హోల్డ్' మర తిప్పి నిలబెట్టేవారు. స్టేషను పంపే సంకేతానికి, పెట్టెలోని తాళానికి పొత్తు కుదరకపోవడమే అక్కడా కారణం.

ఒక్కోసారి రెండు వైపులా 60 అని రాసి ఉన్నా, నిజానికి ఒకటి 60, ఇంకొకటి 59.94 ఉంటుంది. తేడా 0.06. అప్పుడు చీలిక నెమ్మదిగా పాకుతూ సుమారు 17 సెకన్లకు తెరంతా తిరిగి వస్తుంది. ఈ పాకడం ఎలాంటిదో చూడాలంటే ఒకే రకం రాళ్లు రెండు తెచ్చి, ఒకదానిని 100, రెండోదానిని 90 సెంటీమీటర్ల దారానికి కట్టి వేలాడదీయండి. రాయి మధ్య వరకు కొలవాలి సుమా! రెండింటినీ ఒకేసారి వదలండి. కాసేపటికి ఎడమొహం పెడమొహం అవుతాయి. సుమారు 37 సెకన్లకు మళ్లీ కలిసి ఊగుతాయి. 90 బదులు 98 సెంటీమీటర్ల దారం కడితే ఎంతసేపటికి కలుస్తాయో మీరే కొలిచి చూడండి.