ప్రశ్నించుట అవినయమా?



మేము కద్మా వాస్తవ్యులము. మా తాతగారు శ్రీకాకుళం ప్రాంతము నుండి ఉక్కు కర్మాగారములో పనికై వచ్చి యిక్కడనే స్థిరపడిరి. నాన్నగారును అందే పనిచేసి రిటైరైరి. నేను మెకానికల్ డిప్లొమా ముగించితిని. గత మాసమున ఆదిత్యపూర్‌లోని యొక చిన్న ఫ్యాక్టరీవారు ఇంటర్వ్యూ చేసి, చివర "మీరేమైన అడుగుదురా?" యనగా నాకు నోట మాట రాలేదు. వచ్చేవారము మరియొకచోటికి పోవలెను. ఉద్యోగమిచ్చువారిని ప్రశ్నించుట మర్యాద కాదని నాన్నగారును, జీతమే ముందడుగుమని స్నేహితురాండ్రును చెప్పుచున్నారు. నేనేమి చేయవలెను?

— ఒక యువతి, కద్మా, జంషెడ్‌పూర్

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ నాన్నగారి మాటను తేలికగా త్రోసివేయకమ్మా. ఫ్యాక్టరీల చట్టము 1948లో వచ్చుటకు ఎంతో పూర్వమే, 1912లో ఎనిమిది గంటల పనిదినమును, 1920లో ప్రావిడెంటు ఫండును, జీతముతోడి సెలవును ఏర్పరచిన టాటావారి కర్మాగారమున, ఆ కట్టుబాట్లన్నియు ఇంటింట తెలిసిన ఊరిలో పెరిగిన యువకునకు, అడుగుటకు మిగిలిన దేమి? ఆయన మౌనమునకు వినయమెంత కారణమో, ముందే తెలిసియుండుటయు అంతే కారణము. ఖర్కాయి నది కావల ఆదిత్యపూర్‌లోనున్న చిన్న యూనిట్లలో ఒకదాని పద్ధతి వేరొకదానికి లేదు; అక్కడి సంగతి నీకు చెప్పగలవారు ఇంటిలో లేరు. కావున నీవు అడిగి తీరవలెను. ప్రశ్నించుట మీ జంషెడ్‌పూర్‌కు క్రొత్తయు కాదు. 1920లోని సమ్మె నాడే కార్మికులు ప్రశ్నించిరి, 1928లో వారి సంఘమునకు సుభాస్ చంద్రబోసు అధ్యక్షుడయ్యెను.

అన్నిటికంటె ముందడుగవలసినది యిది: నా పేరు మీ రిజిస్టరులో నుండునా, ఠేకేదారు (కాంట్రాక్టరు) రిజిస్టరులో నుండునా? జీతము ఆలస్యమైనను, యంత్రమువలన వ్రేలు తెగినను, ఎవరిని పట్టుకొనవలెనో ఆ యొక్క సమాధానమే తేల్చును. పిదప పనిని గూర్చి యడుగుము: ఏ యంత్రముమీద నిలువవలెను, తొలి నెలలలో నేర్పువారెవరు, షిఫ్టు లెట్లు మారును, రాత్రి షిఫ్టు ముగిసిన పిమ్మట ఇంటికి చేర్చు బండి కలదా? నిర్ణీత గంటలు మించిన పనికి రెట్టింపు వేతనము చట్టము విధించినదే. ఓవర్‌టైము లెక్క యెట్లు వ్రాయుదురని అడుగుట తప్పు కాదు. జీతపుమాట వారెత్తినపుడు, కోతలు పోగా చేతికి వచ్చునదెంతయో స్పష్టముగా తెలిసికొనుము. గేటువద్ద టీకొట్టున తెలియగల సంగతులకై వారి కాలమును వ్యయపరుపవలదు.

వీలైనచో, "ఒక్కసారి షాప్ ఫ్లోర్ చూడవచ్చునా?" యని కోరుము. ప్రెస్సులకు గార్డు లున్నవో లేవో, పనివారి చెవులకు రక్షణ కలదో లేదో, స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్డి యున్నదో, లేక దానికి తాళము వేసి యున్నదో నీ కన్నులే చెప్పును. ఇవన్నియు సరిగా ఉన్నవారు సంతోషముతో చూపుదురు. విసుగుకొనువారిని గూర్చి మరల నాలోచింపుము.

సంభాషణ హిందీలోనే సాగును గనుక, ప్రశ్నలను ఆ భాషలోనే ఇంటివద్ద రెండు మూడుసార్లు పైకి పలికి చూచుకొనుము. యంత్రశాలలో అడుగిడగానే ముందేమి చూడవలెనో మీ నాన్నగారి నడుగుము. అన్నేండ్లు అందే పనిచేసినవారు, నాకంటె చక్కగా చెప్పగలరు.