చలిగాలి – మోటారు సైకిలు – వెచ్చని దుస్తులు

ఉదయగిరి దుర్గం మీద నుంచి దిగే గాలికి మార్గశిర మాసంలో ఒక గుణం ఉంది. అరుగు మీద కూర్చున్నవాడికి అది హాయిగా ఉంటుంది. మోటారు సైకిలు మీద పోయేవాడికి మాత్రం ఎముకలు కొరుకుతుంది. శనివారం ఇంటికి పోయి సోమవారం తెల్లవారుజామున ఉదయగిరి నుంచి ఆత్మకూరు మీదుగా కాలేజీకి వచ్చే మిత్రులందరికీ ఈ సంగతి అనుభవమే. ఆత్మకూరు బస్టాండు దగ్గర టీ అంగడి పొయ్యికి చేతులు చాపి నిలబడితే, ఆ అంగడాయన "ఏమబ్బయా, టీ తాగను వచ్చినావా, చేతులు కాల్చుకోను వచ్చినావా?" అని పరాచికమాడతాడు. ఆ మాట విని నవ్వడానికి కూడా దవడలు కదలవు.

మన జిల్లాలో చలి ఎక్కడుందయ్యా అని అడిగేవారున్నారు. రోళ్ళు పగిలే ఎండలు మనవి గానీ చలి మనది కాదని వారి వాదం. అది సగం నిజమే. నెల్లూరు ప్రాంతంలో జనవరి రాత్రుల్లో సైతం ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. మెట్టలో, కొండల దాపున, ఇంకొక రెండు మూడు డిగ్రీలు తగ్గవచ్చు. ఆదిలాబాదు వారు వింటే నవ్వుతారు. అయినా ఈ వ్యాసం ఎందుకు రాయవలసి వచ్చిందో చెబుతాను.

మా చిన్నాన్న కొడుకు రోజూ తెల్లవారుజామున బండికి రెండు పాల క్యాన్లు కట్టుకుని పోతాడు. రెండేళ్ళ క్రిందట కార్తీకంలో, ముసురు పట్టిన ఒక తెల్లవారుజామున, కల్వర్టు దగ్గర గేదెలు అడ్డం వచ్చాయి. వాడు గేదెలను చూశాడు. బ్రేకు పట్టాలనుకున్నాడు. వేళ్ళు ముడుచుకోలేదు. ముడుచుకునేటప్పటికి బండి గేదెల్లోకి పోయింది. మెడ కింది ఎముక విరిగింది, పాలన్నీ నేలపాలు. చూడవచ్చినవాళ్ళందరూ "స్పీడు తగ్గించుకోరా" అని బుద్ధి చెప్పి పోయారు. చెయ్యి ఎందుకు మాట వినలేదని ఒక్కరూ అడగలేదు. ఫిజిక్సు చదువుతున్నవాణ్ణి, నేనూ ఆ రోజు అడగలేదు. తరువాత అడిగితే వాడన్నది ఇంతే: "చేతులు నాయి కానట్టే ఉన్నాయన్నా."

చేతి వేళ్ళ చర్మం 20 డిగ్రీల దరిదాపులకు చల్లబడితే పనితనం తగ్గడం మొదలవుతుంది. 15 డిగ్రీల కిందికి దిగితే గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. వేళ్ళు అర సెకను ఆలస్యంగా ముడుచుకుంటే బండి ఎనిమిది మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. కల్వర్టుకూ గేదెలకూ మధ్య అంత దూరం ఉండకపోవచ్చు. కాబట్టి వెచ్చని దుస్తులు సుఖం కోసమూ కాదు, షోకు కోసమూ కాదు. బ్రేకులు సరిచూసుకోవడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

ఇక గాలి సంగతి. మన ఒంటిని అంటిపెట్టుకుని వెచ్చని గాలి పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. కదలని గాలి వేడిని చాలా తక్కువగా పోనిస్తుంది. నీళ్ళతో పోలిస్తే ఇరవై వంతుల్లో ఒక వంతు కూడా పోనివ్వదు. బండి కదలగానే ఎదురుగాలి ఈ పొరను ఊడ్చేస్తుంది. కొత్త పొర ఏర్పడేలోగా అదీ పోతుంది. 60 కిలోమీటర్ల వేగంలో, గాలి తోసుకుపోయే వేడిని మాత్రమే లెక్కిస్తే, నిలువ గాలిలో పోయేదానికి సుమారు పది రెట్లు పోతుంది. చలిదేశాల వారు దీనికి 2001లో ఒక లెక్క కట్టారు. దాని ప్రకారం 5 డిగ్రీల చలిలో 60 కిలోమీటర్ల గాలి తగిలితే ముఖానికి సున్నాకు 2 డిగ్రీలు కింద ఉన్నట్టు తోస్తుంది. అయితే ఆ లెక్క 10 డిగ్రీలకు లోపలి చలికే వర్తిస్తుంది. మన 18 డిగ్రీలను అందులో పెట్టి జవాబు రాబట్టకూడదు. సూత్రం మనకు పనికిరాకున్నా కారణం మాత్రం ఒకటే.

మన పక్షాన ఇంకొక శత్రువున్నాడు, వాన. ఉత్తరాదిన చలి పొడిగా వస్తుంది. మనకు ఈశాన్య రుతుపవనం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటుంది కనుక చలీ తడీ చెట్టాపట్టాలేసుకుని వస్తాయి. తడిసిన చొక్కా, పంట్లాము అర కిలో నీళ్ళు పట్టాయనుకుందాం. కిలో నీరు ఒంటి మీద ఆవిరి కావాలంటే సుమారు 24 లక్షల జౌళ్ళ వేడి కావాలి. అర కిలోకు 12 లక్షలు. ఊరక కూర్చున్న మనిషి ఒంట్లో పుట్టే వేడి సుమారు 100 వాట్లు, అంటే సెకనుకు 100 జౌళ్ళు. భాగించి చూడండి: 12 వేల సెకన్లు, మూడు గంటల ఇరవై నిమిషాలు! ఆ వేడి అంతా మన ఒంటి నుంచే పోదు, కొంత గాలి కూడా ఇస్తుంది. అయినా తడి చొక్కాతో బండి నడిపేవాడు ఎంత అప్పుల్లో ఉన్నాడో ఈ లెక్క చెబుతుంది. మా తమ్ముడి చేతులు ఆ రోజు తడిసి ఉన్నాయని వేరే చెప్పనక్కరలేదు.

అందువల్ల మన మెట్ట ప్రాంతంలో దుస్తులు ఎంచుకునేటప్పుడు గాలినీ నీటినీ ఆపేది మొదట చూడాలి, మందం తరువాత. ఈ వరుస తెలియక చాలామంది మందపాటి ఊలు స్వెట్టరు కొని, అదే పైన తొడుక్కుని బండెక్కుతారు. అల్లిన స్వెట్టరుకు వెయ్యి కన్నాలు. ఇంట్లో అది వెచ్చన, గాలిలో జల్లెడ. దాని మీద పలచని వానకోటు ఒకటి వేసుకుంటే చాలు, అదే స్వెట్టరు రెండింతలు పని చేస్తుంది. ఈ మర్మం మన పల్లెల్లో ఎవరూ చదవకుండానే కనిపెట్టారు. జర్కిన్ను ముందు వెనకలు మార్చి, జిప్పు వీపుకు వచ్చేట్టు తొడుక్కుని పోయేవారిని మనం రోజూ చూస్తాము. చూడటానికి నవ్వొచ్చినా శాస్త్రం సరిగానే ఉంది. జిప్పు పళ్ళ సందుల్లోంచి దూరే గాలి రొమ్మున తగలదు. జర్కిన్ లేనివాడు నిన్నటి దినపత్రికను చొక్కాలోపల రొమ్మున పరుచుకుని పోవచ్చు. కొండలు దిగే సైకిలు పందెగాళ్ళు ఐరోపాలో ఈ పనే చేస్తుండేవారు. కాగితం గాలిని ఆపుతుంది, మడతల్లో కొంత గాలిని నిలుపుతుంది. తడిస్తే మాత్రం పనికిరాదు.

ఊలు ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. మన నెల్లూరు గొర్రె దేశంలోనే ఎత్తయిన జాతి అని పేరు పొందింది. పల్ల, జోడిపి, దొర అని అందులో మూడు రకాలు. కానీ దాని ఒంటి మీద ఉన్నది పొట్టి వెంట్రుకే గానీ ఊలు కాదు. అది మాంసానికి పెంచే జాతి. మనం కప్పుకునే నల్ల కంబళి తెలంగాణ, అనంతపురం వైపు దక్కనీ గొర్రెలది. ఊలు తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకుని కూడా తడిగా తోచదు. నూలుకు ఆ గుణం లేదు. చెమట పట్టిన నూలు బనియను చలిలో ఒంటికి అతుక్కుని వేడిని లాగేస్తుంది. అందుకని లోపలి బట్ట పలచని ఊలుదిగానీ, ఆటగాళ్ళు వేసుకునే పాలియెస్టరుదిగానీ అయితే మేలు.

చేతి తొడుగుల విషయంలో నా సలహా ఒక్కటే. అంగట్లో తొడుక్కుని చూసి ఊరుకోవద్దు, బయటికి వచ్చి మీ బండి బ్రేకు లివరు పట్టి చూడండి. ఆ అంగడి ఆయన ఏమనుకున్నా సరే. బిగుతు తొడుగు రక్తాన్ని ఆపుతుంది, లోపలి గాలిని నొక్కేస్తుంది. మరీ లావుదైతే లివరు తగిలిందో లేదో తెలియదు. వానలో వేరే దారి లేకపోతే తొడుగు మీద ప్లాస్టిక్ కవరు కట్టుకోవచ్చు గానీ అది లివరు మీద జారకుండా చూసుకోవాలి. మఫ్లరు మన అమ్మలకు ప్రాణం. "నాయనా, చెవులకు చుట్టుకోరా" అననిదే గడప దాటనివ్వరు. చుట్టుకోండి, కానీ రెండు కొసలూ జర్కిన్ లోపలికి దోపండి. 1927లో ఇసడోరా డంకన్ అనే ప్రఖ్యాత నర్తకి ఫ్రాన్సులోని నీస్ నగరంలో, మెడలోని పొడుగాటి వస్త్రం కారు చక్రంలో చిక్కుకునే చనిపోయింది. మన దారుల్లో చున్నీలు, పైటకొంగులు చేసే పనీ అదే. మంకీ క్యాపు మీద హెల్మెట్టు పెట్టేవారు ఒకసారి తల ఊపి చూసుకోవాలి. హెల్మెట్టు దొర్లుతుంటే ఆ టోపీ మందం ఎక్కువైనట్టు.

ఇప్పుడు విద్యుత్తుతో వేడెక్కే దుస్తుల గురించి. మన కుర్రవాళ్ళలో వీటి మీద మోజు పెరిగింది. ఇది కొత్త వింతేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికే విమానం నడిపేవారికి ఇటువంటి సూట్లుండేవి. రెండవ యుద్ధంలో అమెరికా బాంబరు విమానాల వారు తొడిగిన మొదటి రకంలో తీగె అంతా సిరీస్‌లో ఉండటం వల్ల ఒకచోట తెగితే సూటు మొత్తం చల్లబడిపోయేది. తరువాతి రకాల్లో పేరలల్‌గా మార్చారు. ఇంటర్మీడియట్‌లో మనం విసుక్కుంటూ చదివిన ఆ పాఠం మీద కొందరి వేళ్ళు ఆధారపడి ఉన్నాయన్నమాట. మోటారు సైకిలు వారికి ఇవి 1970 దశకం నుంచి అమెరికాలో తయారవుతున్నాయి.

కొనేముందు లెక్క వేసుకోండి. బండి బ్యాటరీకి తగిలించే కోటు సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, అంటే 12 వోల్టుల మీద 6 ఆంపియర్లు. మన ఊళ్ళలో తిరిగే చిన్న బండ్ల బ్యాటరీ 3 ఆంపియర్-అవర్లయితే దానిలో ఉన్నది 36 వాట్-అవర్లు. ఒక్క కోటే దాన్ని అరగంటలోపు ఖాళీ చేయగలదు. ఇంజను తిరుగుతుంటే ఛార్జి అవుతుంది కదా అంటారు. నిజమే, కానీ 2017 ఏప్రిల్ నుంచి అమ్మిన కొత్త బండ్లకు హెడ్‌లైటు పగలు కూడా వెలుగుతూనే ఉంటుంది. చిన్న ఇంజనులో కోటుకు మిగిలేది స్వల్పం. పెద్ద బండ్లకే ఈ పద్ధతి తగును. అప్పుడు కూడా తీగెను హారను తీగెకు ముడివేయక, తగిన ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీ నుంచి తీసుకోవాలి.

పవర్‌బ్యాంకుతో పనిచేసే చొక్కాలు ఇంకొక రకం. 10,000 మిల్లీ ఆంపియర్-అవర్ల పవర్‌బ్యాంకులో 37 వాట్-అవర్లుంటాయి. నష్టం పోగా చేతికి వచ్చేది పాతిక అనుకుందాం. 10 వాట్ల చొక్కాకు రెండున్నర గంటలు. ఆ 10 వాట్లు మన ఒంటి వేడిలో పదో వంతే, అయినా రొమ్ము మీదా మెడ వెనుకా పడితే బాగానే తెలుస్తుంది. పైన గాలిని ఆపే కోటు లేకపోతే మాత్రం ఆ పదీ గాలికే పోతాయి. చేతులు చల్లబడితే చేతి తొడుగులే కొనాలని కూడా అనుకోవద్దు. రొమ్ము చల్లబడగానే శరీరం చేతులకు పోయే రక్తాన్ని తగ్గించి గుండెకూ ఊపిరితిత్తులకూ అట్టిపెడుతుంది. రొమ్ము వెచ్చగా ఉంటే చేతులకూ అందులో వాటా వస్తుంది. వేడెక్కే బట్టను ఒట్టి చర్మానికి తగలనివ్వకూడదు. 44 డిగ్రీల వేడి తాకితే కాలినట్టే తోచదు, కానీ గంటల తరబడి ఒకే చోట ఆనితే బొబ్బలెక్కుతుంది. చక్కెర వ్యాధి వల్ల స్పర్శ తగ్గిన పెద్దవారికి ఇది మరీ ప్రమాదం.

నా మట్టుకు నేను ఉదయగిరి, ఆత్మకూరు దారికి ఈ కరెంటు చొక్కా అక్కరలేదంటాను. సెలవుల్లో లంబసింగి చలి చూడాలని బండ్ల మీద పోయేవారు, లేహ్ దాటి 17 వేల అడుగుల ఖర్దుంగ్ లా ఎక్కాలని కలలు కనేవారు కొనుక్కుంటే అర్థముంది. ఆ డబ్బుతో మనవాడు ఒక మంచి వానకోటు, లివరు పట్టి చూసి ఎంచుకున్న తొడుగులు, పాదాలు మూసే బూట్లు కొని ఇంకా కొంత మిగుల్చుకోవచ్చు. చెప్పులతో చలిలో గేరు మార్చేవారిని చూస్తే నాకు జాలి కన్నా కోపం ఎక్కువ వస్తుంది.

మా తమ్ముడు ఇప్పుడు చొక్కా మీద వానకోటు తొడిగి, పాల క్యాన్ల మీద ఒక జత ఎండు తొడుగులు ప్లాస్టిక్ సంచిలో వేసి కట్టుకుంటాడు. సగం దారిలో బండి ఆపి తడి తొడుగులు మారుస్తాడు. కల్వర్టుకు ఇవతల ఒకసారి వేళ్ళు ముడిచి చాపి చూసుకుంటాడు. చిటికెన వేలు బొటనవేలికి అందకపోతే దిగి, వేడెక్కిన ఇంజను దగ్గరగా, తగలకుండా, రెండు నిమిషాలు చేతులు పెడతాడు. గేదెలు మాత్రం ఇప్పటికీ అక్కడే అడ్డం వస్తాయి.